కంప్యూటర్‌కు నూనె స్నానం

నూనెలో వేసేవి ఏమిటని అడిగితే పూరీలు, బజ్జీలు, గారెలు అని గబగబా చెప్పేస్తారు. కంప్యూటర్ అని మాత్రం ఒక్కరూ చెప్పరు. కాని నిజంగానే కంప్యూటర్ డబ్బా విప్పి, లోపలి పలకలూ చిప్పులూ అన్నీ నూనె తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి నడిపిస్తున్నారు. షాక్ కొట్టదు. కాలిపోదు. పైగా బయట ఉన్నప్పటికంటే చల్లగా నడుస్తుంది. ఆశ్చర్యంగా ఉంది గదా! ఇది ఎట్లా సాధ్యం? హైదరాబాద్ రాయదుర్గంలో ఉండే కంప్యూటర్ల వేడికీ, ఇక్కడ అడవిలో ఉండే మనకూ ఏం సంబంధం? ఈ నెల గోడ పత్రికలో ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు వేడి ఎక్కడిదో చూద్దాం. పొలంలో మోటారుకు కరెంటు ఇస్తే అది నీళ్ళు తోడుతుంది. అంటే కరెంటులో చాలా భాగం పనిగా మారుతుంది, కొంచెం వేడి అవుతుంది. కంప్యూటర్ అట్లా కాదు. అది నీళ్ళు తోడదు, బరువులెత్తదు. లెక్కలు చేస్తుంది, అంతే. ఆ లెక్క చెయ్యడంలో చిప్పులోని కోట్ల కొద్దీ బుల్లి స్విచ్చులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. వాటికి ఇచ్చిన కరెంటంతా చివరికి వేడే అవుతుంది. 100 వాట్ల కంప్యూటర్ అంటే 100 వాట్ల పొయ్యి అన్నమాట! శక్తి నిత్యత్వ నియమం మన పుస్తకంలో ఉన్నదే. శక్తి నశించదు, రూపం మార్చుకుంటుంది.

1990ల మొదట్లో వాడిన 486 చిప్పు 5 వాట్ల దరిదాపుల్లోనే కరెంటు తినేది. ఇప్పుడు కృత్రిమ మేధ లెక్కల కోసం వాడే పెద్ద చిప్పు ఒక్కటి 700 వాట్లు తింటోంది. అది దాదాపు ఒక ఇస్త్రీ పెట్టె! ఇస్త్రీ పెట్టె వేడి అరచేతికి మించిన పలక మీద పరుచుకుంటుంది. ఈ చిప్పు తపాలా బిళ్ళంత. ఇస్త్రీ పెట్టె వేడినంతా తపాలా బిళ్ళలో కూరితే ఏమైతదో ఊహించుకోండి. వేడి తీసివేయకపోతే చిప్పు 100 డిగ్రీల దగ్గరకు రాగానే ముందు నెమ్మదిస్తుంది, తర్వాత తనంతట తానే ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, చెడిపోకుండా చేసుకున్న ఏర్పాటు.

మన లాబులో ఏప్రిల్ నెల మధ్యాహ్నం మూడో వరుస కంప్యూటర్లు ఉన్నట్టుండి ఆరిపోతాయి గదా, అప్పుడందరూ "వైరస్ వచ్చింది" అంటారు. వైరస్ కంటే వేడి అని అనుకోవడమే ఎక్కువ సబబు. లోపల చిప్పు మీద అల్యూమినియం రెక్కల దిమ్మ, దాని మీద చిన్న ఫ్యాను ఉంటాయి. ఆ రెక్కల మధ్య దుమ్ము పేరుకొని దూది దుప్పటిలా తయారవుతుంది. ఎండాకాలం దుప్పటి కప్పుకొని పడుకున్నట్టే! వార్డెన్ సార్ కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి ఇక్కడే విన్నవించుకుంటున్నాను. ఏడాదికి రెండుసార్లు, కరెంటు తీసేసి, మెత్తని కుంచెతో ఆ దుమ్ము దులిపిస్తే చాలు. డబ్బాలను గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా జరపాలి. పడమటి కిటికీకి ఒక పరదా కావాలి. ఇందులో పరదాకు తప్ప వేరే ఖర్చు లేదు.

ఇక రాయదుర్గం. ఇది అనంతపురం జిల్లా రాయదుర్గం కాదు. హైదరాబాద్‌కు పడమటి దిక్కున, మాదాపూర్ పక్కన ఉన్న రాయదుర్గం. ఒకప్పుడు పెద్ద పెద్ద నల్లరాతి బండల ఊరు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైంది. ఆ తర్వాత బండల మధ్య అద్దాల మేడలు లేస్తూ రాయదుర్గం దాకా వచ్చాయి. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం స్టేషన్ దాకా వచ్చింది. 2022 జూన్‌లో టీ-హబ్ రెండో భవనం అక్కడే తెరిచారు. ఇంత కరెంటు అవసరం కాబట్టి 400 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ కూడా ఆ ఊళ్ళోనే కట్టారు. 2022 నవంబరులో అమెజాన్ కంపెనీ తన డేటా సెంటర్ల సముదాయాన్ని హైదరాబాద్ ప్రాంతంలో మొదలుపెట్టింది.

డేటా సెంటర్ అంటే వేల కంప్యూటర్లను బీరువాల్లో పేర్చి రాత్రింబగళ్ళు నడిపే గోదాము. మనం ఫోనులో ఒక పాట వింటే, పరీక్షా ఫలితం చూస్తే, ఆ సమాచారం అలాంటి గోదాములోంచే వస్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగినా ఇబ్బందే. అందుకని లోపలి గాలిని 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచుతారు. బయట మే నెలలో 42 డిగ్రీల ఎండ. లోపలి వేడిని అంతకంటే వేడిగా ఉన్న బయటి గాలిలోకి తోయాలి. ఇది వాగు నీళ్ళను గట్టుకు ఎక్కించడం లాంటిది. వేడి తనంతట తాను చల్లని వైపుకే పోతుంది. ఎదురు ఎక్కించాలంటే పంపు కావాలి. ఆ పంపే శీతలయంత్రం. దానికి మళ్ళీ కరెంటు.

ఈ దండగ కరెంటును కొలవడానికి ఒక నిష్పత్తి ఉంది, పీయూఈ అంటారు. మొత్తం భవనం వాడిన కరెంటును కంప్యూటర్లు వాడిన కరెంటుతో భాగించాలి. ప్రపంచ సగటు 1.5, 1.6 మధ్య ఉంటోంది. అంటే కంప్యూటర్‌కు ఒక యూనిట్ ఇస్తే, చాలావరకు దాన్ని చల్లబరచడానికే ఇంకో అర యూనిట్ పైన అన్నమాట. బండి లాగే ఎద్దుకు మేత ఒకటి, ఎద్దుకు విసరడానికి ఇంకో అర జీతం మనిషి అన్నట్టుంది!

నీళ్ళ సంగతి కూడా చూడండి. చాలా పెద్ద భవనాల మీద శీతల గోపురాలు ఉంటాయి. వాటిలో నీరు ఆవిరై వేడిని పట్టుకుపోతుంది. మట్టి కుండలో నీళ్ళు చల్లబడే పద్ధతే. ఒక యూనిట్ వేడిని అట్లా పోగొట్టాలంటే దాదాపు ఒకటిన్నర లీటర్ల నీరు ఆవిరి కావాలి. 1000 కిలోవాట్ల వేడికి గంటకు 1500 లీటర్లు. రోజుకు 36 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు, రోజూ! హైదరాబాద్ తాగే నీటిలో కొంత మన గోదావరిదే, ఎల్లంపల్లి జలాశయం నుంచి గొట్టాల్లో వెళ్తుంది.

సరే, నూనెకు వద్దాం. కరెంటు ఉన్న వస్తువును ద్రవంలో ముంచితే షాక్ కొట్టదా అని మొదటి అనుమానం. నీటిలో అయితే కొడుతుంది. ఎందుకంటే మన నీళ్ళలో ఉప్పులు, ఖనిజాలు కరిగి అయాన్లుగా విడిపోతాయి. అవే కరెంటును మోస్తాయి. ఖనిజ నూనెలో అట్లా విడిపోయే అయాన్లు దాదాపు ఉండవు, కాబట్టి అది విద్యుత్ బంధకం. నమ్మకం లేకపోతే మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను, దూరం నుంచే, చూడండి. అందులో రాగి లేదా అల్యూమినియం తీగ చుట్లు 11 వేల వోల్టులతో నూనెలోనే మునిగి ఉంటాయి. రాయదుర్గం సబ్‌స్టేషన్ లాంటి చోట్ల వాడే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు కూడా సాధారణంగా నూనెలో ముంచినవే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో రెండున్నర మిల్లీమీటర్ల ఎడం పెట్టి 30 వేల వోల్టులు ఇచ్చినా నిప్పురవ్వ దూకకూడదని మన దేశ ప్రమాణం. కంప్యూటర్ పలక మీద ఉండేది 12 వోల్టులు!

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బారుగా గొట్టాలో రెక్కలో ఉంటాయి, అవి అందానికి పెట్టినవి కావు. తీగచుట్ల దగ్గర వేడెక్కిన నూనె తేలికై పైకి పోతుంది. గొట్టాల్లోకి వెళ్ళి, గాలికి చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. మళ్ళీ చుట్ల దగ్గరకు. ఇది మన పాఠంలోని సంవహనమే. పంపు లేదు, ఫ్యాను లేదు, ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. కొన్నిటికి పక్కన గాజు గొట్టంలో నీలం గుళికలు ఉంటాయి. అవి లోపలికి వెళ్ళే గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పీల్చి పీల్చి గులాబీ రంగుకు మారితే లైన్‌మెన్ మార్చాలి. నూనెలో కొద్దిపాటి నీరు కలిసినా దాని బంధక గుణం పడిపోతుంది. నూనెను దొంగలు ఎత్తుకుపోతే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, మోటార్లు ఆగి, పొలాలు ఎండుతాయి. రైతుల ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఈ సంగతి కొత్త కాదు.

కాబట్టి కంప్యూటర్‌ను నూనెలో ముంచడం కొత్త వింతగా కనిపించినా, నూనెలో కరెంటు వస్తువును ముంచడం నూరేళ్ళు దాటిన పాత పనే.

ఇప్పుడు చిన్న లెక్క. పెన్సిల్ తీసుకోండి.

1 కిలోవాట్ వేడి, అంటే క్షణానికి 1 కిలో జౌలు. దీన్ని మోసుకుపోయే వస్తువు 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలి అనుకుందాం. ఒక ఘనపు మీటరు గాలి బరువు 1.2 కిలోలు, విశిష్టోష్ణం కిలోకు 1 కిలో జౌలు. లెక్క కడితే క్షణానికి 83 లీటర్ల గాలి కావాలి. అంటే ఐదున్నర బకెట్ల గాలి, ప్రతి క్షణం! ఒక లీటరు నూనె బరువు 0.85 కిలో, విశిష్టోష్ణం సుమారు 1.9. గుణిస్తే లీటరుకు 1.6 కిలో జౌళ్ళు. దాంతో లెక్క కడితే క్షణానికి 62 మిల్లీలీటర్లు చాలు. చిన్న టీ గ్లాసులో ముప్పావు! అదే నీరైతే 24 మిల్లీలీటర్లే. ఒకే ఘనపరిమాణం తీసుకుంటే గాలి కంటే నూనె 1300 రెట్లు ఎక్కువ వేడి మోస్తుంది. డేటా సెంటర్లో ఫ్యాన్లు పెద్ద హోరు పెట్టేది ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. నూనె తొట్టిలో ఫ్యాన్లు పీకేస్తారు. దుమ్ము రాదు. చప్పుడూ లేదు.

నీరే అన్నిటికంటే బాగా మోస్తుంది గదా అని గణితం బాగా చేసేవాళ్ళు అడుగుతారు. నిజమే. అందుకని కొందరు నీటిని మూసిన గొట్టాల్లో పంపి, చిప్పు మీద రాగి పలక పెట్టి చల్లబరుస్తారు. బెంగళూరు విజ్ఞాన సంస్థలో 2022లో నెలకొల్పిన పరమ్ ప్రవేగ సూపర్ కంప్యూటర్‌ది ఈ పద్ధతే. మన దగ్గర కందిలోని ఐఐటీలో ఉన్న పరమ్ సేవ కూడా ఆ పరమ్ కుటుంబంలోదే. గొట్టం పగిలి బొట్టు పలక మీద పడితే మాత్రం ప్రమాదం. నూనె ఒలికితే తుడుచుకోవడమే.

ద్రవంలో ముంచిన కంప్యూటర్లలో మొదట బాగా పేరొచ్చింది అమెరికాలో, 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌కు. సేమూర్ క్రే అనే ఇంజనీరు పలకలన్నిటినీ ఫ్లోరినర్ట్ అనే రంగులేని ద్రవంలో ముంచాడు. అది నూనె కాదు, ఫ్లోరిన్ కలిసిన రసాయనం. బుడగలు కనిపిస్తాయని దాన్ని ముద్దుగా బుడగలు అని పిలిచేవారు. జపాన్‌వాళ్ళు అసలైన నూనెలోనే ముంచారు. టోక్యో సాంకేతిక విద్యాసంస్థలో 2013లో సుబామే-కేఎఫ్‌సీ అనే యంత్రాన్ని నూనె తొట్టిలో పెట్టారు. (కేఎఫ్‌సీ అంటే వేయించిన కోడి అంగడి గుర్తుకొస్తుంది. ఆ పేరు పెట్టినవాళ్ళకూ గుర్తొచ్చే ఉంటుంది!) తక్కువ కరెంటుతో ఎక్కువ లెక్కలు చేసే యంత్రాల పట్టికలో 2013 నవంబరులో ప్రపంచంలోనే మొదటి స్థానం దానిదే. టోక్యో ఎండాకాలం ఉక్కపోతగా ఉంటుంది. అక్కడ పనిచేసిందంటే మన హైదరాబాద్‌కు ఆశ ఉన్నట్టే.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ గారు అధిపతిగా ఉన్న మైక్రోసాఫ్ట్ కూడా 2021లో అమెరికాలోని క్విన్సీ అనే ఊళ్ళో ఇంకో రకం ప్రయత్నం చేసింది. అందులోని ద్రవం 50 డిగ్రీలకే మరుగుతుంది. చిప్పు మీద మరిగి, ఆవిరై, మూత దగ్గర చల్లబడి వానలాగా తిరిగి కిందపడుతుంది. తెలివైన పద్ధతే. కాని అటువంటి ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో ఎంతకాలమైనా విరగవు, నీటిలో, ఒంట్లో చేరుకుంటాయి. వాటిని తయారుచేసే త్రీఎం కంపెనీ 2025 చివరికల్లా ఆ తయారీ మానేస్తామని 2022 డిసెంబరులో ప్రకటించింది. నా మటుకు నాకు ఖరీదైన మరిగే ద్రవం కంటే మామూలు నూనే మేలనిపిస్తుంది.

ఏ నూనె? వంట నూనె పోస్తే ఏం? కొందరు సరదాగా పోసి చూశారు కూడా. కంప్యూటర్ నడిచింది. కాని వేరుశనగ నూనె గాలి తగిలి కొన్ని నెలలకు ముక్క వాసన కొడుతుంది, జిగురవుతుంది. మన ఇళ్ళల్లో వాడే ఇప్ప గింజల నూనె సంగతి మీకు తెలుసు. డిసెంబరు పొద్దున సీసాలో వెన్నలా గడ్డకట్టి ఉంటుంది. గడ్డకట్టిన నూనె తిరగదు, తిరగని నూనె వేడి మోయదు. మరి గింజల నూనెలకు అసలు పనికే రాదా అంటే, అట్లా కాదు. సోయా వంటి గింజల నూనెలను శుద్ధిచేసి, గాలి తగలకుండా మూసిన ట్రాన్స్‌ఫార్మర్లలో 1990ల చివరి నుంచి వాడుతున్నారు. ఖనిజ నూనె ఆవిర్లు 140 డిగ్రీలు దాటాక నిప్పు తగిలితే అంటుకోగలవు. గింజల నూనెకు 300 దాటాలి. మట్టిలో పడినా త్వరగా కలిసిపోతుంది. మన దేశంలో కానుగ నూనెను ట్రాన్స్‌ఫార్మర్లకు వాడవచ్చా అని ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రయోగాలు చేశారు.

కానుగ అంటే గుర్తొచ్చింది. మన జైనూర్ మండలంలోని పవర్‌గూడ పేరు విన్నారా? ఆ గోండు గూడెంలో ఆడవాళ్ళ సంఘాలు కానుగ చెట్లు పెంచి గింజల నుంచి నూనె తీశాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే ఆగిపోయే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు లెక్కకట్టి, 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాళ్ళకు 645 డాలర్లు చెల్లించింది. రేపు ఏ ఇంజనీరైనా కానుగ నూనెలో కంప్యూటర్ ముంచాలనుకుంటే, గింజల గురించి అడగడానికి ఇక్కడికే రావాలి!

ఇబ్బందులు కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. నూనెలో నానిన ప్లాస్టిక్ తీగలు మెత్తదనం పోయి గట్టిపడి పెళుసెక్కుతాయి. నూనె దీపపు వత్తిలో ఎగబాకినట్టే తీగల వెంట పైకి ఎగబాకి బయట కారుతుంది. లోపల పళ్ళెం తిరిగే పాత హార్డ్ డిస్కులకు గాలి రంధ్రం ఉంటుంది, అందులోకి నూనె పోతే అది పోయినట్టే. ఒక్క పలక మార్చాలంటే తొట్టిలోంచి ఎత్తి, నూనె ఓడ్చి, చేతులు జిడ్డు చేసుకోవాలి. తొట్టి బరువు పై అంతస్తు మోయాలి. అందుకనే లాభం తెలిసి కూడా చాలామంది గాలితోనే సరిపెట్టుకుంటున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. దీన్ని చదివి లాబులో ఎవరూ ప్రయోగం చెయ్యొద్దు. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బాలో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసినా కొంతసేపు నిలిచే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు అసలే పోవద్దు. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో కొన్నిటిలో విష రసాయనాలు కలిసి ఉంటాయి, ఎవరైనా తెచ్చినా ఒంటికి తగలనివ్వొద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. నూనె పోస్తే వేడి మాయమవుతుందని చాలామంది అనుకుంటారు. నూనె వేడిని తినదు, మోస్తుంది. ఇంకో లెక్క చూడండి. 200 వాట్ల కంప్యూటర్‌ను 20 లీటర్ల నూనెలో ముంచాం. ఆ నూనె ఒక డిగ్రీ పెరగడానికి 32 కిలో జౌళ్ళు కావాలి. 200 వాట్లంటే క్షణానికి 0.2 కిలో జౌలు. కాబట్టి 160 క్షణాలకు ఒక డిగ్రీ. తొట్టి గోడల నుంచి వేడి బయటకు పోదనుకుంటే, 30 డిగ్రీలు పెరగడానికి గంటా ఇరవై నిమిషాలు చాలు. 30 దగ్గర మొదలైన నూనె సినిమా సగం అయ్యేసరికి 60కి చేరుతుంది! అందుకని నూనెను పంపుతో తిప్పి, బయట రేడియేటర్‌లోకి పంపి, అక్కడ వేడి దించి తిరిగి తేవాలి. లారీ ముందు ఉండే రేడియేటర్ లాంటిదే.

మరి లాభమేంటి? లాభం ఇక్కడే ఉంది. గాలి వేడిని సరిగా మోయలేదు కాబట్టి అది 25 డిగ్రీల చల్లగా ఉండాలి. నూనె గట్టిగా మోస్తుంది కాబట్టి అది 45, 50 డిగ్రీలు ఉన్నా చిప్పు క్షేమంగా ఉంటుంది. మే నెలలో రాయదుర్గం గాలి 42 డిగ్రీలు, నూనె 50. వేడి తనంతట తానే నూనె నుంచి గాలిలోకి దిగిపోతుంది. గట్టుకు ఎక్కించే పని లేదు, పల్లానికి పారినట్టే. శీతలయంత్రం అక్కర్లేదు. శీతల గోపురం లేకపోయినా జరుగుతుంది, ఆ ఏడు ట్యాంకర్ల నీరు మిగులుతుంది. మంచు దేశాలవాళ్ళు కిటికీ తెరిచి కంప్యూటర్లను చల్లబరుచుకోగలరు. మన ఎండల దేశానికి నూనె వాళ్ళకంటే ఎక్కువ పనికొస్తుంది.

దీనితో మనకేం సంబంధమని మొదట అడిగాను గదా. 1000 కిలోవాట్ల కంప్యూటర్ల గది ఒకటి అనుకోండి. పీయూఈ 1.6 నుంచి 1.1కు తగ్గితే 500 కిలోవాట్లు మిగులుతాయి. రోజుకు 12 వేల యూనిట్లు. బొగ్గుతో తీసే కరెంటులో ఒక్కో యూనిట్‌కు అరకిలో పైనే బొగ్గు కాలుతుంది. అంటే రోజుకు 6 టన్నుల పైన. వారానికి పది టన్నుల లారీలు నాలుగు! మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణివాళ్ళ 1200 మెగావాట్ల కరెంటు కేంద్రం 2016 నుంచి నడుస్తోంది. ఏ తీగలోని కరెంటు ఏ గనిదో దాని మీద రాసి ఉండదు, అంతా ఒకే వలలో కలుస్తుంది. కాని బొగ్గు మాత్రం రాయదుర్గంలో దొరకదు, గోదావరి లోయలో దొరుకుతుంది. ఉపరితల గని తెరిస్తే ఏ ఊళ్ళు ఖాళీ అవుతాయో మనలో కొందరి చుట్టాలను అడిగితే చెబుతారు. అక్కడ తొట్టిలో నూనె పోస్తే ఇక్కడ నాలుగు లారీలు తగ్గుతాయి. ఒకే ఒక్క గదికి ఈ లెక్క.

చివరగా ఇంకో ముచ్చట. ఆ 50 డిగ్రీల నూనె వేడిని గాలిలోకి ఎందుకు వదలాలి అని కొందరు ఆలోచించారు. ఇంగ్లండ్‌లో ఎక్స్‌మత్ అనే ఊరి ఈత కొలనులో 2023లో బట్టలుతికే యంత్రమంత కంప్యూటర్ల పెట్టెను పెట్టారు. లోపల కంప్యూటర్లు ఖనిజ నూనెలో మునిగి లెక్కలు చేస్తుంటాయి. వేడెక్కిన నూనె వేడిని కొలను నీటికి ఇస్తారు. పిల్లలు అందులో ఈత కొడతారు.

డిసెంబరులో మన స్నానాల సంగతి అందరికీ తెలుసు. పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. అందుకని ఊరికే లెక్క కట్టి చూశాను. మన లాబులో 10 కంప్యూటర్లు, ఒక్కోటి 100 వాట్లు, రోజుకు 4 గంటలు. మొత్తం 4 యూనిట్లు, అంటే 14,400 కిలో జౌళ్ళు. నీళ్ళు 20 డిగ్రీలు వేడెక్కించడానికి లీటరుకు 84 కిలో జౌళ్ళు చొప్పున భాగిస్తే 171 లీటర్లు. మన 15 లీటర్ల బకెట్లతో పదకొండు బకెట్లు. మూడో గది వాళ్ళకు సరిపోతాయి. మిగతా గదుల వాళ్ళు ఎప్పటిలాగే ఎండ వచ్చేదాకా ఆగాలి.